జోసెఫ్ షుంపీటరు పండితుడు

విద్యార్థులారా! ఆవిరియంత్రమును కనిపెట్టినవారిని గూర్చి మీరు పాఠములలో చదివియుందురు. కాని క్రొత్తవస్తువును కనిపెట్టుట వేఱు. దానిని లోకమున వాడుకలోనికి దెచ్చుట వేఱు. ఈ రెండవపని చేయువాడెవడు? వానివలన దేశముల సంపద యెట్లు మాఱును? ఈ ప్రశ్నలను శాస్త్రదృష్టితో విచారించినవారిలో అగ్రగణ్యుడు జోసెఫ్ షుంపీటరు.

ఇతడు 1883వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోని మొరేవియా సీమయందు ట్రీష్ అను చిన్నపట్టణమున జన్మించెను. తండ్రి బట్టలమిల్లు యజమానుడు. బాలునకు నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి మరణించెను. తల్లి ధైర్యశాలి. ఆమె కుమారుని విద్యయే ముఖ్యమని యెంచి స్వస్థలమును విడిచెను. పిమ్మట నొక సైన్యాధికారిని వివాహమాడి వియన్నా నగరము చేరి, గొప్పవారి బిడ్డలు చదువు పాఠశాలలో అతనిని చేర్పించెను. 1906లో వియన్నా విశ్వవిద్యాలయమువారు అతనికి న్యాయశాస్త్రమున డాక్టరు పట్టమొసగిరి.

1909లో ఇతడు చెర్నోవిట్జ్ పట్టణమున ఆచార్యుడయ్యెను. అచటి గ్రంథాలయాధికారి విద్యార్థులకు పుస్తకము లీయ నిరాకరింపగా, ఆ వివాదము కత్తులతో ద్వంద్వయుద్ధమువఱకు వచ్చెనని ఇతని చరిత్రకారులు వ్రాసియున్నారు.

1911లో ఇతడు ఆర్థికాభివృద్ధిని గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. క్రొత్తసరకు, క్రొత్త యుత్పత్తివిధానము, క్రొత్త విపణి, ముడిపదార్థములకు క్రొత్త ఆకరము, పరిశ్రమకు క్రొత్త యేర్పాటు అను నీ యైదింటిలో దేనినైనను ఆచరణలో పెట్టువాడే నిజమైన వ్యవస్థాపకుడనియు, వానివలననే సంపద వృద్ధియగుననియు అందు బోధించెను. గుఱ్ఱపుబండ్ల నెన్నింటిని చేర్చినను అవి రైలుమార్గము కాజాలవు. రైలుమార్గములను వేసినవారును సాధారణముగా గుఱ్ఱపుబండ్ల యజమానులు కారు. అట్టి కార్యమునకు అప్పిచ్చి సాయపడినవానిదే నష్టభయము గాని వ్యవస్థాపకునిది కాదని ఇతని సిద్ధాంతము.

ఈ సిద్ధాంతమునకు అతని జీవితమే పరీక్ష యయ్యెను. 1919లో కొన్నినెలలు ఆస్ట్రియాదేశపు ఆర్థికమంత్రిగా నుండి, 1921లో వియన్నాలో నొక బ్యాంకునకు అధ్యక్షుడయ్యెను. 1924లో సంభవించిన ధనసంక్షోభమున పదవి పోయెను, ఆస్తి పోయెను, అప్పులు మిగిలెను. అప్పిచ్చినవారిదే నష్టమని అతడు చేతులు దులుపుకొనలేదు. 1925లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, వ్యాసములు వ్రాయుచు, ఉపన్యాసము లిచ్చుచు, పెక్కేండ్లు శ్రమించి ఋణములు తీర్చెను. 1926లో తల్లి మరణించెను. కొద్దివారములకే ప్రసవసమయమున భార్యయు, శిశువును గతించిరి. అంతటి దుఃఖమందును అతడు కలమును విడువలేదు.

1932లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లి తుదివఱకు నచటనే బోధించెను. 1942లో ప్రకటించిన గ్రంథమున, క్రొత్తది పుట్టుచు పాతదానిని నశింపజేయుటకు సృజనాత్మక వినాశనమని పేరిడెను. 1948లో అమెరికా అర్థశాస్త్రసంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఆ యేడే హార్వర్డులో వ్యవస్థాపకుల చరిత్రను పరిశోధించుటకు నొక కేంద్రము స్థాపింపబడగా దానికి తోడ్పడెను. 1950 జనవరి 8వ తేదీన మరణించెను. అసంపూర్తిగా మిగిలిన అర్థశాస్త్రచరిత్రను భార్య ఎలిజబెత్ పరిష్కరింపగా, ఆమె మరణానంతరము 1954లో అది వెలువడెను.

బాలబాలికలారా! రైలుబండి రాకవలన లోకమునకు మేలు కలిగెను. గుఱ్ఱపుబండ్లవారి జీవనము పోయెను. రెండును సత్యములే. షుంపీటరు వీనిలో దేనిని మఱుగుపఱుపలేదు. మీరును పెద్దవారై క్రొత్తపనికి పూనుకొనునపుడు, దానివలన బ్రదుకుతెరువు కోల్పోవువారిని తలచుకొనుడు. నష్టము వచ్చినచో నితరులపై త్రోయక మీ ఋణమును మీరే తీర్చుకొనుడు.