పేరు చెక్కని వాద్యం: కీర్తిశేషులు షేక్ చినమౌలానా సాహెబ్

పాశ్చాత్య వాద్యాలలో శాక్సఫోన్‌కు ఒక సౌలభ్యం కలదు. పాతబడిన శాక్సఫోన్ ఒకటి చేతికి చిక్కినచో, అది ఎవరు చేసినదో, ఏ కాలమునాటిదో తెలిసికొనుటకు ఆధారాలు దాని ఒంటిమీదనే ఉంటాయి. బెల్జియం దేశీయుడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్ నగరంలో ఈ వాద్యానికి పేటెంటు పొందాడు. ఆయన కార్ఖానాలో తయారైన వాద్యాల ఇత్తడి గొట్టంపై ఆయన పేరు, ఒక క్రమసంఖ్య చెక్కి ఉంటాయి. తరువాత అమెరికాలోని కాన్ మొదలైన కంపెనీలు కూడా సంఖ్యలు వేశాయి. ఆ సంఖ్యను బట్టి తయారైన సంవత్సరాన్ని ఇంచుమించుగా నిర్ణయించవచ్చును. అయితే చెక్కిన పేరును గుడ్డిగా నమ్మరాదు. ఒక కంపెనీ చేసిన వాద్యంపై దానిని అమ్మిన దుకాణం పేరు వేసిన సందర్భాలు అనేకం. అట్టి చోట్ల మీటల అమరికను, అతుకుల తీరును పరిశీలించి అసలు కర్తను పట్టుకొంటారు.

మన నాదస్వరానికి ఆ సౌలభ్యం లేదు. పాత నాదస్వరాలపై సాధారణంగా పేరూ ఉండదు, సంఖ్యా ఉండదు. ఆ కొయ్య ఏ అడవిదో, ఏ ఆచారి చేతిలో తిరిగినదో తెలియవలెనన్నచో దానిని ఊదిన మనిషి జీవితాన్ని వెదకవలసినదే. అట్లు వెదకదగిన జీవితాలలో మన ప్రాంతానికి మిక్కిలి దగ్గరిది షేక్ చినమౌలానా సాహెబ్ గారిది.

ఆయన 1924 మే 12న ఒంగోలు సమీపాన గల కరవది గ్రామంలో జన్మించారు. నేడు ప్రకాశం జిల్లాలో ఉన్న ఆ గ్రామం అప్పుడు గుంటూరు జిల్లాలోనిది. తరతరాలుగా నాదస్వరమే వృత్తిగా గల ముస్లిం కుటుంబం వారిది. దేవాలయ సేవలోను, పెళ్లి పందిళ్లలోను వాద్యం మ్రోగించుట, ఇంట నమాజు చేయుట ఆ కుటుంబాలలో ఒకదానికొకటి అడ్డు కాలేదు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఇట్టి కుటుంబాలు అనేకం ఉండుట ఇతర ప్రాంతాలవారికి వింతగా తోచవచ్చును గాని మనకు కొత్త కాదు.

తండ్రి కాసిం సాహెబ్ ఆయనకు తొలి గురువు. అటుపై చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందారు. 2022లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఇప్పుడు ఈ పట్టణం చేరినది. కాబట్టి చినమౌలానా విద్యలో ఒక ముఖ్య భాగం మన జిల్లాలో జరిగినదని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. ఆ రోజులలో పేట నాదస్వర విద్యకు పేరుపడ్డ చోటు. గురువు ఎదుట కూర్చుండి స్వరమంటే స్వరం, పట్టంటే పట్టుగా నేర్చుకొనుటే తప్ప పుస్తకం లేదు, పరీక్ష లేదు.

ఆ శిక్షణతోనే ఆయన ఆంధ్రదేశాన మంచి విద్వాంసుడుగా నిలిచిపోగలిగేవారు. కాని తిరువావడుదురై రాజరత్నం పిళ్లె వాద్యం ఆయన చెవిన పడినది. 1898 నుండి 1956 వరకు జీవించిన ఈ తమిళ విద్వాంసుడు రాగాలాపనను గంటలకొలది విస్తరించి, ఊరేగింపు వాద్యాన్ని కచేరీ వాద్యంగా నిలబెట్టినవాడు. ఆ తంజావూరు బాణీ చినమౌలానాను వశపరచుకొన్నది. చేతికి వచ్చిన విద్యను, నలుగురు మెచ్చిన పద్ధతిని ప్రక్కనపెట్టి మరల శిష్యుడు కావలెనా అన్నది ఆయన ముందున్న ప్రశ్న. పొట్టకూటికి ఊదే కళాకారునికి ఇది చిన్న ప్రశ్న కాదు. భాష వేరు, మతం వేరు, ఊరు దూరం. అయినను ఆయన కావేరీ తీరానికి వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు పిళ్లెల వద్ద ఆ బాణీని అభ్యసించారు. ఆయన జీవితంలో బిరుదుల కంటె ఈ నిర్ణయమే పెద్దదని నా అభిప్రాయం.

బాణీతో పాటు వాద్యమును గూర్చియు తెలిసికొనవలసి ఉన్నది. నాదస్వరంలో రెండు రకాలు కలవు. తిమిరి పొట్టిది, దాని శ్రుతి హెచ్చు. బారి పొడవైనది, శ్రుతి తగ్గు, నాదం గంభీరం. రాజరత్నం పిళ్లె ప్రభావం వలన బారికి ప్రచారం వచ్చినది. కుంభకోణం సమీపాన గల నరసింగంపేట గ్రామంలో తరతరాలుగా ఆచారులు నాదస్వరాలు చేస్తున్నారు. శుద్ధమధ్యమం సరిగా పలుకునట్లు వాద్యాన్ని సవరించి రాజరత్నం పిళ్లెకు అందించినవాడు ఆ గ్రామానికి చెందిన రంగనాథన్ ఆచారి. నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఆ గ్రామంలో వాడే కొయ్య తమిళులు ఆచ్చా అనియు, మనవారు నారేపి అనియు పిలిచే చెట్టుది. పచ్చికొయ్య పనికిరాదు. ఏండ్ల తరబడి ఎండినది కావలెను. అందుచేత కూల్చిన పాత ఇండ్ల దూలాలను, స్తంభాలను కొనితెచ్చి వాడుతారు. ఒకప్పుడు ఎవరి ఇంటి కప్పునో మోసిన దూలం పిమ్మట తోడి రాగం పలుకుతుందన్నమాట! కొయ్యను తరిణె పట్టి, పైన సన్నగా, క్రిందికి వెడల్పుగా లోపల తొలుస్తారు. వ్రేళ్లతో మూసి తెరచే రంధ్రాలు ఏడు. వాటి దిగువన మరి ఐదు ఉంటాయి. ఆ ఐదింటిని అవసరమును బట్టి మైనంతో మూసి శ్రుతిని సరిచేస్తారు. పైన రెల్లుజాతి గడ్డితో చేసిన పీక, అడుగున గరాటు వలె విచ్చుకొన్న భాగం. శాక్సఫోన్‌కు ఒక్క పొర పీక, నాదస్వరానికి జంట పొర. శాక్సఫోన్‌ను కర్ణాటక సంగీతానికి మలచిన కద్రి గోపాలనాథ్ నాదస్వర విద్వాంసుని కుమారుడే అగుట ఇక్కడ గుర్తు చేయదగినది.

చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డారు. ముస్లింగా జీవిస్తూనే రంగనాథస్వామి యెడ భక్తిని దాచుకొనలేదు. ఆంధ్రుడు, అందునా ముస్లిం, తంజావూరు బాణీకి ప్రతినిధిగా తమిళుల చేతనే అంగీకరింపబడుట సామాన్య విషయం కాదు. 1977లో పద్మశ్రీ వచ్చినది. 1982లో శ్రీరంగంలోనే శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని నెలకొల్పారు. విద్యాధిదేవత పేరు పెట్టుటకు ఆయనకు ఏ సంకోచమూ కలుగలేదు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. మరుసటి ఏడు, 1999లో, ఆయన కన్నుమూశారు. మనుమలు కాసిం, బాబు ఆ బాణీని కొనసాగించారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. నాదస్వరం వంటి శ్రమతో కూడిన వాద్యంలో ఒక ముస్లిం స్త్రీకి ఈ గౌరవం దక్కుట మన విద్యార్థినులు గమనించదగిన సంగతి.

మన కళాశాల విద్యార్థులలో కొందరి ఇండ్లలో తాతల నాటి నాదస్వరం అటకపై ఉండి ఉండవచ్చును. క్రిందికి దించి చూడండి. పొడవు కొలిచినచో తిమిరియో బారియో తెలుస్తుంది. కొయ్య బరువు, రంగు గమనించండి. అడుగు భాగం కొయ్యదా, లోహానిదా చూడండి. దిగువ రంధ్రాలలో మైనం మిగిలి ఉన్నదేమో పరిశీలించండి. అది ఏ శ్రుతికి వాడినదో పెద్ద విద్వాంసుడు దానిని బట్టి చెప్పగలడు. ఎవరి వద్ద కొన్నారో, ఏ ఊరినుండి తెచ్చారో ఇంటి పెద్దలను అడిగి ఒక కాగితంపై వ్రాసి వాద్యంతో పాటు ఉంచండి. పీక ఎండి చీలిపోయి ఉన్నను ఫరవాలేదు, క్రొత్తది దొరుకుతుంది. దుమ్ము పోవుటకు పొడిగుడ్డ చాలును. కొయ్యను మాత్రం నీటితో కడుగరాదు.