రాసినవారి పేరు చెప్పని సంపాదకుడు

1982లో విడుదలైన ‘నికాహ్’ సినిమా చూసిన పెద్దలు మన ఇళ్లలో ఇంకా చాలామంది ఉన్నారు. అందులో గులాం అలీ పాడిన గజల్‌ను రేడియోలో, క్యాసెట్లలో పదే పదే విన్నవారూ ఉన్నారు. తొలి వలపు జ్ఞాపకాలను నెమరు వేసుకునే ఆ గజల్ మనలో ఎందరికో కంఠస్థమే. కానీ దాన్ని రాసిన వ్యక్తి జైలులో తిరగలి విసిరారని, ఒక చిన్న పత్రిక కోసం ఇల్లూ వాకిలీ, పుస్తకాలూ పోగొట్టుకున్నారని ఎందరికి తెలుసు? ఈ శుక్రవారం ఆ మహనీయుణ్ణి, ఆయన పత్రికను స్మరించుకుందాం. ఆయన మౌలానా హస్రత్ మోహానీ. ఆ పత్రిక పేరు ‘ఉర్దూ ఎ ముఅల్లా’.

ఆయన అసలు పేరు సయ్యద్ ఫజ్లుల్ హసన్. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో మోహాన్ అనే ఊరు ఆయన జన్మస్థలం. మోహానీ అన్నది ఆ ఊరి పేరు నుంచి వచ్చిందే. హస్రత్ ఆయన కవితానామం. కవిత్వంలో ఆయన గురువు తస్లీమ్ లఖ్నవీ. తస్లీమ్ గురువు నసీమ్ దెహల్వీ. ఆ నసీమ్‌కు గురువు, గాలిబ్ సమకాలికుడైన మోమిన్. ఇంతటి పరంపర వెనుక ఉన్న యువకుడు చదువు కోసం అలీగఢ్ చేరారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ స్థాపించిన ఎంఏఓ కాలేజీలో 1903లో బీఏ పూర్తి చేశారు.

ఆ రోజుల్లో బీఏ పట్టా చేతికొచ్చిందంటే సర్కారు కొలువుకు తలుపు తెరుచుకున్నట్లే. తోటి విద్యార్థులు తహసీల్దారులు, డిప్యూటీ కలెక్టర్లు కావాలని కలలు కనేవారు. హస్రత్ ఆ తలుపు వైపు చూడలేదు. పట్టా అందుకున్న ఆ సంవత్సరమే, 1903 జులైలో, అలీగఢ్ నుంచి ఒక మాసపత్రిక మొదలుపెట్టారు. దానికి ‘ఉర్దూ ఎ ముఅల్లా’ అని పేరు పెట్టారు. మొగల్ పాదుషాల కాలంలో ఢిల్లీ కోట పరిసరాలలో మాట్లాడే మేలైన భాషకు ఆ పేరు ఉండేది. గాలిబ్ ఉత్తరాల సంపుటి కూడా 1869లో ఆ పేరుతోనే వెలువడింది.

పత్రిక వెనుక నవాబులు లేరు, సంస్థానాల విరాళాలు లేవు. ఆ కాలంలో ఉర్దూ పత్రికలు చాలావరకు ఎవరో ఒక ధనవంతుడి నీడలో బతికేవి. ఆ నీడలో ఉన్నవారు ఆయనకు నచ్చని మాట రాయలేరు కదా. హస్రత్ ఆ నీడ వద్దనుకున్నారు. చందాదారులు పంపే రూపాయలే ఆధారం.

ఉర్దూ అచ్చు గురించి మన పిల్లలకు ఒక మాట చెప్పాలి. తెలుగు పత్రికలను అప్పట్లో సీసపు అక్షరాలు ఒక్కొక్కటిగా పేర్చి అచ్చు వేసేవారు. నస్తాలీఖ్ లిపికి అది అంతగా నప్పదు. అందుకే ఉర్దూకు రాతి అచ్చు వాడేవారు. కాతిబ్ ప్రత్యేకమైన జిడ్డు సిరాతో కాగితం మీద అందంగా రాస్తాడు. ఆ రాతను నున్నటి రాతిపలక మీదకు దించుతారు. పలకను తడిపి సిరా రుద్దితే, జిడ్డు ఉన్న అక్షరాలే సిరాను పట్టుకుంటాయి. దాని మీద కాగితం పరిచి ప్రెస్సు తిప్పాలి. ఒక్కొక్క కాగితానికీ ఈ శ్రమ తప్పదు. హస్రత్ చిన్న చేతి ప్రెస్సు పెట్టుకుని ఈ పనిలో తానే చేతులు నలుపు చేసుకున్నారు. ఆయన బేగం నిషాతున్నిసా ఇంట్లోనే ఉర్దూ, ఫార్సీ, అరబీ చదువుకున్న ఇల్లాలు. పత్రిక పనుల్లో ఆమె భర్తకు కుడిభుజం.

ఈ చిన్న పత్రిక చేసిన పనులు రెండు. మొదటిది, పాత కవులను కాపాడటం. మీర్, గాలిబ్, మోమిన్ పేర్లు అందరికీ తెలుసు. వారి చుట్టూ ఉన్న ఎందరో కవుల దీవాన్లు చేతిరాత ప్రతులుగా పాత ఇళ్లలో చెదలు తింటూ పడి ఉన్నాయి. హస్రత్ వాటిని వెతికి, చదివి, మేలైన గజళ్లు ఏరి, కవి జీవితంతో పాటు పత్రికలో ప్రకటించేవారు. ఆయన కూర్చిన ‘ఇంతిఖాబె సుఖన్’ సంకలనాలు ఈ కృషి ఫలమే. గాలిబ్ దీవాన్‌కు ఆయన రాసిన వ్యాఖ్య విద్యార్థులకు చాలాకాలం తోడుగా నిలిచింది.

రెండో పని రాజకీయం. గజళ్ల పక్కనే స్వదేశీ గురించి, ఆంగ్లేయుల పాలన గురించి వ్యాసాలు వచ్చేవి. ముస్లింలు కాంగ్రెసుకు దూరంగా ఉండాలన్నది అప్పటి అలీగఢ్ పెద్దల ధోరణి. హస్రత్ 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు వెళ్లారు. 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలినప్పుడు బాలగంగాధర తిలక్ పక్షాన నిలిచారు. ఇష్టపడని వారు ఇష్టపడలేదు. పత్రిక మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు.

1908లో అసలు పరీక్ష వచ్చింది. ఈజిప్టులో ఆంగ్లేయులు అనుసరిస్తున్న విధానాన్ని విమర్శిస్తూ పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. దాని కింద రచయిత పేరు లేదు. ప్రభుత్వం దాన్ని రాజద్రోహంగా భావించింది. రాసిందెవరో చెప్పమని సంపాదకుణ్ణి అడిగారు. హస్రత్ చెప్పలేదు. తన పత్రికలో అచ్చయిన ప్రతి అక్షరానికీ తానే బాధ్యుణ్ణని నిలబడ్డారు. ఒక్క పేరు చెబితే ఆయనకు కష్టం తగ్గేది. ఆ పేరు ఆయన నోటి నుంచి కోర్టుకు అందలేదు.

జూన్‌లో ఆయనను అరెస్టు చేసేనాటికి ఇంట్లో చిన్నారి కూతురు నయీమా జబ్బుతో మంచాన ఉంది. ఆ స్థితిలో నిషాతున్నిసా బేగం జైలుకు ఒక ఉత్తరం పంపారు. వచ్చిన కష్టాన్ని మగవాడిలా ఎదుర్కోమని, ఇంటి గురించి దిగులు పెట్టుకోవద్దని, ఎక్కడా బలహీనత చూపవద్దని అందులో ధైర్యం చెప్పారు. పక్కన పసిబిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఆ ఉత్తరం రాయడానికి ఎంత గుండె కావాలో మన తల్లులకు, అక్కచెల్లెళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

కోర్టు రెండేళ్ల కఠిన శిక్ష, జరిమానా విధించింది. అప్పీలులో శిక్ష ఏడాదికి తగ్గింది. జరిమానా కింద ఆయన పుస్తకాలను వేలం వేశారు. పాత దీవాన్లు, అరుదైన చేతిరాత ప్రతులు, సంవత్సరాల తరబడి ఊరూరా తిరిగి సేకరించినవి, నామమాత్రపు ధరకు పోయాయి. ఏ కవుల రచనలు కాపాడాలని పత్రిక పెట్టారో ఆ పుస్తకాలే పత్రిక కోసం బలి అయ్యాయి. జైలు కష్టం కన్నా ఆయనను ఎక్కువ బాధించింది ఇదేనంటే తప్పు కాదు.

జైలులో ఆయనను మామూలు నేరస్థులతో కలిపే ఉంచారు. అలహాబాద్ నైనీ జైలులో తిరగలి విసిరే పని ఇచ్చారు. ఒకవైపు గోధుమలు విసురుతూ మరోవైపు మనసులోనే గజళ్లు అల్లుకున్నారు. రంజాన్ మాసం కూడా ఆ గోడల మధ్యనే గడిచింది. సహెరీకి సరైన ఏర్పాటు లేదు, ఇఫ్తార్‌కూ లేదు. అయినా రోజాలు వదలలేదు. ఈ అనుభవాన్ని తర్వాత ఒక షేర్‌లో చెప్పుకొన్నారు. అందులో ఏడుపు లేదు, నిబ్బరమే ఉంది.

ఆ ఏడాది ఒక్క హస్రత్‌కే ఈ గతి పట్టలేదు. ‘కేసరి’ పత్రికలో రాసిన వ్యాసాలకు తిలక్‌ను ఆరేళ్లు మాండలే జైలుకు పంపింది 1908లోనే. బెజవాడ ‘స్వరాజ్య’ పత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్లిందీ ఆ సంవత్సరమే. మరాఠీ, తెలుగు, ఉర్దూ, ఏ భాషలో రాసినా సర్కారు చూపు ఒక్కటే. ఒకరినొకరు ఎరగకుండానే ఈ సంపాదకులు ఒకే దారి నడిచారు.

1909లో విడుదలై వచ్చాక ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి పత్రికను మళ్లీ తీయడం. తన జైలు అనుభవాలను ‘ముషాహిదాతె జిందాన్’ పేరుతో రాశారు. ఖైదీల తిండి, బట్ట, పని, జైలు సిబ్బంది తీరు, అన్నీ అందులో ఉన్నాయి. పగతో కాక, చూసింది చూసినట్లు చెప్పిన రచన అది.

1910లో ప్రభుత్వం కొత్త ప్రెస్ చట్టం తెచ్చింది. సంపాదకుణ్ణి కోర్టుకు ఈడ్వకుండానే పత్రికను చంపే ఉపాయం అది. ప్రెస్సు యజమాని ముందుగా ధరావతు కట్టాలి. సర్కారుకు నచ్చనిది అచ్చయితే ఆ డబ్బు జప్తు అవుతుంది. 1913లో హస్రత్‌ను మూడు వేల రూపాయలు కట్టమన్నారు. చేతి ప్రెస్సు మీద బతికే మనిషికి మూడు వేలు ఎక్కడి నుంచి వస్తాయి? పత్రిక ఆగిపోయింది.

పత్రిక ఆగింది గానీ ఆయన ఆగలేదు. అలీగఢ్‌లో స్వదేశీ బట్టల దుకాణం తెరిచారు. కవుల జీవితాల కోసం ‘తజ్కిరతుష్షుఅరా’ అనే మరో పత్రిక తీశారు. 1916లో మళ్లీ అరెస్టు. ఈసారి ఒక జైలు నుంచి మరో జైలుకు మార్చుతూ 1918 వరకు ఉంచారు. షరతులకు ఒప్పుకుంటే వదిలేస్తామన్నా ఆయన ఒప్పుకోలేదు, ఆయన బేగమూ ఒప్పుకోమనలేదు. భర్త జైలులో ఉండగా ఆయన గజళ్లను అచ్చు వేయించింది ఆమే. 1917 డిసెంబరులో భారత మంత్రి మాంటేగ్‌ను మద్రాసులో కలిసి స్త్రీలకు ఓటు హక్కు అడిగిన మహిళా బృందంలో ఆమె ఉన్నారు. ఆ బృందానికి ముందు నిలిచింది మన హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు.

తర్వాత ఈ దంపతులు కాన్పూర్ చేరారు. 1921లో అహ్మదాబాద్ కాంగ్రెస్‌లో హస్రత్ సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని తీర్మానం పెట్టారు. గాంధీజీ వద్దన్నారు, తీర్మానం వీగిపోయింది. ఎనిమిదేళ్లకు, 1929 డిసెంబరులో, లాహోర్‌లో కాంగ్రెస్ ఆ మాటనే తన మాటగా చేసుకుంది. ఇంక్విలాబ్ జిందాబాద్ అన్న నినాదం కూడా హస్రత్ ఇచ్చిందేనని చెబుతారు. ఆ ప్రసంగాల ఫలితంగా 1922లో మూడోసారి జైలుకు వెళ్లి 1924లో బయటికి వచ్చారు. ఆ తర్వాత ‘ఉర్దూ ఎ ముఅల్లా’ కాన్పూర్ నుంచి మళ్లీ వెలుగు చూసింది.

ఆయనను ఒక చట్రంలో బిగించడం కష్టం. ఐదుపూటలా నమాజు, పలుమార్లు హజ్ చేసిన భక్తుడు. శ్రీకృష్ణుడి మీద ప్రేమతో కవితలు రాసి మథురకు వెళ్లినవాడు. 1925లో కాన్పూర్‌లో జరిగిన కమ్యూనిస్టు మహాసభకు ఆహ్వాన సంఘం అధ్యక్షుడు. ముస్లింలీగ్ తరఫున రాజ్యాంగ సభకు ఎన్నికైనా దేశ విభజనను వ్యతిరేకించి ఇక్కడే ఉండిపోయినవాడు. తన మనసుకు సరిపడలేదని రాజ్యాంగ ప్రతిపై సంతకం కూడా పెట్టలేదు. ఆయన అభిప్రాయాలన్నింటితో మనం ఏకీభవించనవసరం లేదు. ఆనాడు ఆయన మిత్రులూ ఏకీభవించలేదు. కానీ ఏ అభిప్రాయాన్నీ ఆయన లాభం కోసం పట్టుకోలేదు, భయంతో వదులుకోలేదు. రైలులో మూడో తరగతి పెట్టెలోనే ప్రయాణం, ఢిల్లీకి వెళితే మసీదులో బస. చిన్న పత్రిక నడిపిన నాటి అలవాట్లు చివరిదాకా మారలేదు.

నిషాతున్నిసా బేగం 1937లో కన్నుమూశారు. మౌలానా 1951 మే 13న లక్నోలో తుదిశ్వాస విడిచారు. ఫిరంగీ మహల్ పెద్దల ఖబరస్తాన్‌లో ఆయనను ఖననం చేశారు. అల్లాహ్ ఆ ఇద్దరినీ కరుణించుగాక.

ఆయన ప్రెస్సు పెద్దది కాదు, పత్రిక లాభం చూడలేదు, పలుమార్లు ఆగి ఆగి నడిచింది. అయినా నలుగురు మరచిన కవుల్ని మళ్లీ బతికించింది, పేరు చెప్పుకోలేని ఒక రచయితకు నీడ ఇచ్చింది. చిన్న పత్రిక విలువ ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయన్న దానిలో లేదని, అచ్చయిన మాటకు ఎవరు నిలబడ్డారన్న దానిలో ఉందని మేము అనుకుంటున్నాం. మన ఇంటి అటకల మీద తాతల నాటి ఉర్దూ పత్రికలు ఉంటే, లిపి చదవడం రాదని పాత కాగితాల వాడికి తూకానికి వేయకండి. చదవగలిగిన పెద్దలకు ఒకసారి చూపించండి. అందులో ఏ కవి గజల్ దాగి ఉందో, దాన్ని అచ్చు వేయడానికి ఎవరు ఏమి పోగొట్టుకున్నారో ఎవరికి తెలుసు?