ఓటమి యెఱుగని గోడిగ: కించెమ్ చరిత్రము

మహనీయుల జీవితములు చదువుట మన విద్యార్థులకు క్రొత్త గాదు. కాని నోరులేని జంతువునకు జీవితచరిత్రమా యని కొందఱు ఆశ్చర్యపడవచ్చును. ఒక దేశపు ప్రజలు తమ రాజులను, కవులను, యోధులను స్మరించునట్లే యొక గుఱ్ఱమును గూడ నూఱేండ్లకు పైగా స్మరించుచున్నారన్నచో, ఆ గుఱ్ఱము కథ వినదగినదే యని మా తలంపు. ఆ దేశము హంగెరీ. ఆ గుఱ్ఱము పేరు కించెమ్. వారి భాషలో ఆ మాటకు నా పెన్నిధి యని యర్థము. అది మగగుఱ్ఱము గాదు. గోడిగ, అనగా ఆడుగుఱ్ఱము. 1876 మొదలు 1879 వఱకు నాలుగేండ్లలో 54 పందెములు పరుగెత్తి, ఒక్కదానియందైనను ఓటమి యెఱుగక విశ్రమించిన జంతువది.

ముందుగా దాని జాతిని గూర్చి కొంత చెప్పవలయును. పందెపు గుఱ్ఱములలో థరోబ్రెడ్ అను జాతి మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇది ఇంగ్లండులో నేర్పడినది. 17వ శతాబ్ది చివరను, 18వ శతాబ్ది మొదటి భాగమునను తూర్పుదేశములనుండి తేబడిన మూడు మగగుఱ్ఱములు ఈ జాతికి మూలపురుషులు. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనునవి వాని పేళ్లు. నేడు లోకమునందలి థరోబ్రెడ్ గుఱ్ఱములన్నిటి పితృవంశమును ఈ మూటిలో నేదో యొకదానియొద్దకు పోయి చేరును. కావున మేలుజాతి పందెపు గుఱ్ఱమనగా తమ సొత్తేయని ఆంగ్లేయులు చాలకాలము గర్వించిరి.

హంగెరీ దేశస్థులు అనాదిగా గుఱ్ఱపుస్వారియందు నేర్పరులు. వారు 1848వ సంవత్సరమున స్వాతంత్ర్యము కొఱకు లేచి, మఱుసటి యేడు అణచివేయబడిరి. తుదకు 1867వ సంవత్సరమున ఆస్ట్రియాతో నొడంబడిక చేసికొని, తమ రాజ్యమును తాము చక్కబెట్టుకొన నారంభించిరి. 1873లో బుడా, పెస్ట్ మున్నగు పట్టణములు కలిసి బుడాపెస్ట్ మహానగరమైనది. తమ దేశము గూడ లోకమున తలయెత్తి నిలువవలెనని ప్రజలందఱు తహతహలాడుచుండిన దినములవి. కించెమ్ పుట్టినది సరిగా ఆ కాలముననే.

1874వ సంవత్సరము మార్చి 17వ తేదీన కిష్‌బేర్ అనుచోట నున్న ప్రభుత్వపు అశ్వశాలయందు అది జన్మించెను. తల్లి పేరు వాటర్ నింఫ్. తండ్రి ఇంగ్లండునుండి కొనితేబడిన కాంబస్కన్. యజమాని ఎర్నో బ్లాష్కొవిచ్ అను భూస్వామి. ఆయన తన గోడిగను బక్కనీర్ అను సుప్రసిద్ధమైన మగగుఱ్ఱముతో జతపఱుప నుద్దేశింపగా, సేవకుల పొరపాటువలన అది కాంబస్కన్‌తో జతగూడెనని యొక కథ గలదు. అదియే నిజమైనచో, ఈ లోకోత్తరమైన జంతువు పుట్టుకకే యొక పొరపాటు కారణమనవలెను.

పిల్లగా నుండగా దాని యందు చూడముచ్చటయైన దేదియు లేకుండెను. కాళ్లు పొడవు, దేహము సన్నము, నడక వికారము. తల వ్రేలవేసికొని నిద్రమత్తులో నున్నట్లు నిలువబడుచుండెను. బ్లాష్కొవిచ్ ఆ యేటి పిల్లల నన్నిటిని గంపగుత్తగా అమ్మజూపగా, ఓర్సీ అను ప్రభువు వచ్చి చూచి, రెండింటిని మాత్రము పనికిరావని విడిచి తక్కినవి కొనిపోయెనని చెప్పుదురు. ఆ విడువబడిన రెండింటిలో నొకటి కించెమ్. గుఱ్ఱముల మేలుకీడు లెఱిగినవారు గూడ పైరూపమును చూచి మోసపోవుదురనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలయును?

డాన్యూబు నదీతీరమున గోద్ అను గ్రామమునందు రాబర్టు హెస్ప్ అను ఆంగ్లేయుడు గుఱ్ఱములకు శిక్షణ మిచ్చుచుండెను. బ్లాష్కొవిచ్ తన గోడిగను ఆయనకు అప్పగించెను. 1876 జూన్ 21వ తేదీన బెర్లిన్ నగరమున కించెమ్ మొదటిసారి పందెములో దిగి గెలిచెను. ఆ యేడు రెండేండ్ల ప్రాయమున అది పది పందెములు పరుగెత్తెను. ఆ పదియు పది వేర్వేఱు మైదానములలో. బెర్లిన్, వియన్నా, బుడాపెస్ట్, ప్రాగ్ మున్నగు నగరములన్నిటను విజయము దానిదే. తరువాతి యేడు 17, దాని తరువాత 15, కడపటి యేడు 12. ఇట్లు మొత్తము 54.

ఈ లెక్కలోని గొప్పతనమును తెలిసికొనవలెనన్న రెండు సంగతులు గ్రహింపవలెను. మొదటిది దూరము. మనుష్యులలో నూఱు గజములు మెఱుపువలె పరుగెత్తువాడు మైళ్లకొలది పరుగెత్తజాలడు. గుఱ్ఱములును అంతియే. కించెమ్ అన్ననో 950 మీటర్లకు లోబడిన చిన్నపందెము మొదలు 4200 మీటర్ల దీర్ఘమైన పందెము వఱకు అన్నిటను గెలిచినది. రెండవది బరువు. అనేక పందెములలో మేలైన గుఱ్ఱముమీద ఎక్కువ బరువు పెట్టి, తక్కిన వానితో సరితూగునట్లు చేయుదురు. గెలిచినకొలది కించెమ్ మీది బరువు పెరిగెనే గాని గెలుపు తఱుగలేదు.

దాని పరుగు తీరు గూడ విచిత్రమైనది. పందెము మొదలగునప్పుడు అది తొందరపడెడిది కాదు. తక్కిన గుఱ్ఱములు ముందుకు దూకిపోవుచుండగా ఇది నింపాదిగా గడ్డి కొఱుకుచుండెడిదట. చూచువారి గుండెలు ఝల్లుమనుచుండ, కొంతసేపటికి తల వంచి సాగి, ఒక్కొక్కదానినే దాటి, కడకు అందఱికంటె ముందు గమ్యము చేరెడిది.

ఆ కాలమున ఇంత దూరప్రయాణములు చేసిన పందెపుగుఱ్ఱములు తక్కువ. కించెమ్ రైలుబండి యెక్కుటకు ఉత్సాహపడుచుండెనట. పెట్టెలో చేరినంతనే పండుకొని హాయిగా నిద్రించెడిదట. ఇంటి నీరు తప్ప వేఱు నీరు ముట్టదని దానితోపాటు నీటిని గూడ కొనిపోవుచుండిరి. ఒక పిల్లి దానికి ప్రాణమిత్రము. ఒకప్పుడు పరదేశమునుండి తిరిగివచ్చుచుండగా పిల్లి కనబడకపోయెను. కించెమ్ బండి యెక్కనని మొరాయించి, పిల్లి దొరకువఱకు కదలలేదని చెప్పుకొందురు. గెలిచిన ప్రతిసారి యజమాని దానికి పూలగుత్తి యర్పించుట వాడుకయట. ఆయన పూలు తెచ్చుట ఆలస్యమైనచో జీను తీయనిచ్చెడిది కాదట.

వీనియన్నిటికంటె మనసును కరగించునది దాని గుఱ్ఱపువాని కథ. వాని పేరు ఫ్రాంకీ. వాడు రాత్రులందు దాని ప్రక్కనే పండుకొనువాడు. ఒకనాటి చలిరాత్రి కప్పుకొనుటకు వానికేమియు లేకపోగా, కించెమ్ తన మీది కంబళిని లాగి వానిపై పడవేసెనట. అది మొదలు, వానికి కప్పు లేనిదే తాను కంబళి కప్పుకొనకుండెనని జనులు చెప్పుదురు. వాడు పెండ్లియాడక, ఇంటిపేరుగా కించెమ్ అను పేరునే పెట్టుకొని, ఆ పేరుతోనే సమాధి చేరెనని ప్రతీతి. ధనవంతుడగు యజమానికి అది నిధి. కూలివాడగు ఫ్రాంకీకి బంధువు.

1878వ సంవత్సరము దాని జీవితమున శిఖరమువంటిది. ఆ యేడు దానిని ఇంగ్లండునకు కొనిపోయి గుడ్‌వుడ్ కప్ అను పందెములో నిలిపిరి. రెండున్నర మైళ్లను మించిన పందెమది. థరోబ్రెడ్ జాతికి పుట్టినిల్లయిన దేశములో, చిన్నదేశమునుండి వచ్చిన యీ పొడవుకాళ్ల గోడిగను ఎవరును లక్ష్యపెట్టలేదు. అది పేజెంట్ అను పేరుపొందిన గుఱ్ఱమును వెనుకవైచి గెలిచెను. హంగెరీలో కలిగిన యానందమునకు మేర లేదు. పిమ్మట ఫ్రాన్సు దేశమున డోవిల్ అనుచోట మహాపందెమును గెలుచుకొని, అది జర్మనీకి పోయినది.

అక్కడనే దాని కీర్తికి గండము వచ్చెను. బాడెన్ మహాపందెమున ప్రిన్స్ గైల్స్ అను గుఱ్ఱమును, కించెమును ఒక్క క్షణముననే గమ్యము దాటినవి. ఎప్పుడును వెనుకబడి తరువాత నందుకొను గుఱ్ఱమునకు ఆనాడు సమయము చాలలేదు. దానిమీది రౌతు మాడెన్ ఏమఱుపాటే దీనికి కారణమని అనుకొనిరి. నియమము ననుసరించి అదే దినమున రెండింటిని మరల పరుగెత్తించిరి. అలసియున్న గుఱ్ఱము రెండవసారి యేమగునో యని అందఱు భయపడుచుండగా, కించెమ్ ఈసారి ప్రత్యర్థిని సులువుగా దూరము చేసి గెలిచెను. బాడెన్ మహాపందెమును 1877, 1878, 1879 సంవత్సరములలో వరుసగా మూడుమారులు అది గెలుచుకొన్నది. 1879తో దాని పరుగులు ముగిసినవి.

ఇచట నొక మాట. పందెపు మైదానములలో ధనమొడ్డి కాపురములు పాడుచేసికొన్నవారు కోకొల్లలు. ఈ చరిత్రమును వ్రాయుట ఆ జూదమును పొగడుటకు గాదు. గుఱ్ఱమునకు పందెపు సొమ్ముతో పనిలేదు. దానికి తెలిసినది పరుగు, తన్ను ప్రేమించు మనుష్యులు, తన పిల్లి; అంతియే.

పరుగులు చాలించిన పిమ్మట గోడిగ బ్రదుకున రెండవ భాగ మారంభమగును. అది తల్లియగుట. మగగుఱ్ఱమునకు ఏటేట పదులకొలది పిల్లలు కలుగవచ్చును. గోడిగ పదునొకండు మాసములు గర్భము మోసి ఏటికి ఒక్క పిల్లనే కనగలదు. కావున తల్లి వంశము సన్నని దారమువంటిది. ఒక రోగమో, ఒక యుద్ధమో దానిని తెంపివేయ గలదు. ఆ దారమునకు గల విలువ నెఱిగియే, అశ్వవంశముల పరిశోధకుడు బ్రూస్ లో 19వ శతాబ్ది చివర తల్లుల వరుసనుబట్టి కుటుంబములను విభజించి యంకెలిచ్చెను. అందు కించెమ్ 4వ కుటుంబమునకు చేరినది.

కించెమునకు ఐదుగురు సంతానము. మొదటి మూడింటికి తండ్రి బక్కనీర్. తొలుత పొరపాటున తప్పిపోయెనన్న సంబంధము కూతురి కాలమున ఇట్లు కుదిరెను! తొలిచూలు బుడాద్యోంద్యె, అనగా బుడానగరపు ముత్యము, 1885వ సంవత్సరమున జర్మన్ డెర్బీ పందెమును గెలిచెను. రెండవదాని పేరు ఓయన్ నించ్. అట్టిది మఱొకటి లేదని యర్థము. మూడవది టాల్‌ప్రా మాద్యార్ అను మగపిల్ల. హంగెరీయులారా లెండు అని దాని యర్థము. గుఱ్ఱపుపిల్లకు అట్టి పేరు పెట్టిరన్నచో, ఆ ప్రజలు ఈ జంతువుల యందు తమ దేశమునే చూచుకొనుచుండిరని తెలియుట లేదా? నాలుగవది కించ్-ఓర్, నిధికి కావలివాడు. ఐదవది కించ్, నిధి. ఈ రెంటికి తండ్రి డాంకాస్టర్.

1887వ సంవత్సరము మార్చి 17వ తేదీన, తాను పుట్టిన దినముననే, పదమూడేండ్లు నిండిన కించెమ్ కడుపుశూలచే మరణించెను. దేశమంతయు దుఃఖించెను. వార్తాపత్రికలు దాని మరణవార్తను నల్లని యంచులతో ప్రకటించెనని చెప్పుదురు. దాని యస్థిపంజరము బుడాపెస్ట్‌లోని వ్యవసాయ ప్రదర్శనశాలయందు భద్రపఱుపబడియున్నది. ఆ నగరపు పందెపు మైదానమునకు కించెమ్ ఉద్యానమని పేరు. అచట దాని విగ్రహమును గలదు.

తరువాతి కాలమున రెండు ప్రపంచయుద్ధములు మధ్య యూరపును దున్నివేసినవి. అశ్వశాల లెన్నియో పాడుపడినవి. మేలుజాతి గుఱ్ఱములు చెల్లాచెదరయినవి. అయినను కించెమ్ కూతుళ్లద్వారా వచ్చిన దారము తెగలేదు. 1974వ సంవత్సరమున ఇంగ్లండులో ఓక్స్ అను ప్రసిద్ధమైన పందెమును గెలిచిన పాలిగమీ యను గోడిగ ఆ వంశములోనిదే. 2012వ సంవత్సరమున రెండువేల గినీల పందెమును, ఎప్సమ్ డెర్బీని గెలిచిన కామెలాట్ గూడ ఆ తల్లి సంతతియే. ఒకనాడు గుడ్‌వుడ్‌లో ఎవరును లక్ష్యపెట్టని గోడిగ రక్తము, 134 సంవత్సరములకు ఇంగ్లండునందే డెర్బీ విజేతయందు వెలసినది.

వరుసగా గెలిచిన పందెముల లెక్కలో కించెమును మించిన గుఱ్ఱము లేకపోలేదు. పోర్టోరికో దీవిలో కమరెరో యనునది 1953 మొదలు 1955 వఱకు వరుసగా 56 గెలిచినది. కాని పిమ్మట ఓడినది. ఒక్క యోటమియు లేకుండ ఇన్ని పందెములు గెలిచి విశ్రమించిన గుఱ్ఱము కించెమ్ తప్ప మఱొకటి లేదు.

విద్యార్థులారా, మీలో కొందఱు తరగతిలో చుఱుకుగా కనబడకపోవచ్చును. రూపముచేతనో, నడకచేతనో, మొదట వెనుకబడుటచేతనో పనికిరావని యితరులు మిమ్ము ప్రక్కకు నెట్టవచ్చును. లాయములో వికారముగా నిలువబడి, కొనువారు విడిచిపోయిన యా పిల్లకు, నా పెన్నిధి యను పేరు నిలిచెను. తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును తమ యెదుట తలవంచి నిలుచున్న పిల్లలను రెండవమారు చూచినయెడల, ఆ పేరునకు తగినవా రెందఱో కానవత్తురు.