మూసారాం అనబడిన ఫ్రెంచి సేనాని

హైదరాబాదు నగరమునకు తూర్పున, మలకుపేట దాటి దిల్‌సుఖ్‌నగరు మీదుగా ఎల్.బి. నగరునకు పోవు దారిలో మూసారాంబాగు అను పేట గలదు. 2018లో ఈ దారిని మెట్రోరైలు నడువసాగినప్పుడు ఒక స్టేషనునకును ఆ పేరే పెట్టిరి. పూర్వము మూసారాం అను ధనికుడెవడో ఇచ్చట తోట వేయించి యుండునని క్రొత్తవారు తలచుట సహజము. కాని అట్టివాడెవడును లేడు. ఆ పేరు ఆస్మాన్‌గఢ్ గుట్టపై నల్లరాతి స్తంభముక్రింద శాశ్వతనిద్ర నందియున్న ఒక ఫ్రెంచి సేనానిది. చెవి వినినదొకటి, మనసు అందుకొన్నది మరియొకటి. ఆ సేనాని జీవితమంతయు ఇట్లే గడచెను. అతనిని చూచిన ప్రతివాడును తాను ముందుగా తలచియున్నదానినే అతనియందు చూచెను.

మిషేల్ జోవాకిం మారీ రేమండు 1755లో ఫ్రాన్సు దేశమున గాస్కనీ ప్రాంతములో జన్మించెను. ఇరువదియేండ్ల ప్రాయమున వర్తకము చేయనెంచి పుదుచ్చేరికి వచ్చెను. తక్కెడకంటె కత్తియే నచ్చినది కాబోలు, కొంతకాలమునకు మైసూరులో హైదరాలీ కొలువునందలి ఫ్రెంచి దళమున చేరెను. 1783లో బుస్సీ మరల భారతదేశమునకు వచ్చినప్పుడు అతనికి సహాయాధికారి యయ్యెను. బుస్సీ 1785లో మరణింపగా, మరుసటియేట రేమండు హైదరాబాదు చేరి నిజాం అలీఖాను కొలువున ప్రవేశించెను. కొలదిమందితో ఆరంభమైన అతని దళము పండ్రెండేండ్లలో సుమారు 14,000కు పెరిగెను. అతడు నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారము పేరే నగరమధ్యమున గన్‌ఫౌండ్రీ అను పేటకు నిలిచిపోయినది.

1795 మార్చి 11న ఖర్డావద్ద నిజామునకును మహారాష్ట్రులకును యుద్ధము జరిగెను. రేమండు పటాలములు గట్టిగానే పోరాడుచుండెను. కాని అంతఃపుర స్త్రీలను వెంటగొని వచ్చిన నిజాము కలవరపడి ఖర్డా కోటలోనికి తగ్గిపోయెను. ఆ కలవరము సేన అంతటికిని ప్రాకెను. నిలిచి పోరాడుచున్నవారును వెనుదిరుగవలసి వచ్చినది. దౌలతాబాదు కోటతోపాటు కొంత రాజ్యమును, 3 కోట్ల రూపాయల పరిహారమును ఇచ్చుటకు నిజాము ఒప్పుకొనవలసివచ్చెను.

ఓటమి కలిగినప్పుడు సేనానిని నిందించుట లోకరీతి. ఫలితము చెడినచో చేసిన పని అంతయు చెడినట్లే తలచుదుము. ఇచ్చట అట్లు జరుగలేదు. గవర్నరు జనరలు సర్ జాన్ షోరు తటస్థుడై యుండి సహాయము పంపలేదని నిజాము ఆగ్రహించి, తన కొలువునందలి ఇంగ్లీషు పటాలములను పంపివేసెను. షోరు సాయపడని మాట నిజమే. అయినను ఆనాడు కోటలోనికి తగ్గిపోయినది నిజామే గదా! గురివింద తన క్రింది నలుపెరుగదు. అదే సంవత్సరము రాకుమారుడు ఆలీజా తిరుగుబాటు చేయగా రేమండు వెన్నంటి అతనిని పట్టుకొనెను. నాటినుండి నిజామునకు అతనియందు విశ్వాసమునకు హద్దు లేకపోయెను.

1920లో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు థార్న్‌డైకు, సైనికాధికారులు తమ క్రిందివారికి వేసిన అంకెలను పరిశీలించి ఒక చిత్రమును కనుగొనెను. ఒక గుణమున మెచ్చుకొన్నవానిని వారు తెలివిలోను, దేహదారుఢ్యమునను, నాయకత్వమునను కూడ మెచ్చుకొనిరి. ఒక్క మంచి గుణపు వెలుగు తక్కినవానిపై ప్రసరించునన్నమాట. చక్కని దస్తూరిగల విద్యార్థి లెక్క తప్పినచో తొందరపాటనియు, గజిబిజిగా వ్రాయువాడు తప్పినచో తెలివితక్కువయనియు ఎందరు పరీక్షకులు అనుకొనరు? నిజాము కండ్లకు రేమండు మంచి దస్తూరిగల విద్యార్థివంటివాడు.

ఇంగ్లీషువారి కండ్లకు కనబడినవాడు వేరు. అంతకు నలుబదియేండ్ల ముందు బుస్సీ కొద్దిపాటి సేనతో నిజాముల దర్బారును తన చేతిలో నుంచుకొని, ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి సంపాదించెను. బొబ్బిలి కథ నెరిగిన ఆంధ్రులకు ఆ పేరు క్రొత్తది గాదు. ఆ జ్ఞాపకమింకను మాసిపోలేదు. కనుక బుస్సీ శిష్యుడై, ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండా నెత్తిన రేమండు వారికి రెండవ బుస్సీగానే తోచెను. సులభముగా జ్ఞప్తికి వచ్చునది సులభముగా జరుగునని మనసు లెక్కకట్టునని 1970 దశకమున ట్వెర్‌స్కీ, కానెమన్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. ఇంగ్లీషువారి భయము ఒట్టి భ్రమ యనుట న్యాయము గాదు. టిప్పు సుల్తాను ఫ్రెంచివారి సాయము కోరుచుండెను. అయినను ఆ భయము జ్ఞాపకమువలన ఇంకను పెద్దదైనదనుటలో సందేహము లేదు.

1798 మార్చి 25న, నలుబదిమూడేండ్లు నిండకమునుపే, రేమండు హఠాత్తుగా మరణించెను. విషప్రయోగమని కొందరు, ఆత్మహత్యయని కొందరు చెప్పుకొనిరి. ఏదియు రుజువు కాలేదు. అంతటివాడు సామాన్యమైన జబ్బుతో పోవుననుట వినువారికి తృప్తినీయదు.

కొత్త గవర్నరు జనరలు వెల్లస్లీ మే నెలలో కలకత్తా చేరెను. తాను భయపడినవాడు అప్పటికే సమాధిలో నున్నాడు. ఆ సంగతి తెలిసియు ఆలోచన మార్చుకొనలేదు. సెప్టెంబరు 1న నిజాముతో సంధి కుదిరెను. అక్టోబరు 22న రెసిడెంటు కిర్క్‌పాట్రికు ఫ్రెంచి దళము చేత ఆయుధములు క్రింద పెట్టించెను. రక్తపాతమే జరుగలేదు. జీతము బకాయిలకై సైనికులు రేమండు వారసుడైన పీరాన్‌పైననే తిరుగబడియుండిరి. ఇంగ్లీషువారిని నిద్రపోనీయని సేన బలము చాలవరకు ఒక్క మనుష్యుని బలమే. దానిని తప్పుగా తూచినవారిలో నిజాము కూడ ఉండెను. ఆ సంధితో పరాధీనమైన హైదరాబాదు, 1947లో ఇంగ్లీషువారు దేశము విడుచువరకు వారి చెప్పుచేతలలోనే యుండెను.

సమాధివద్దకు జనులు వచ్చుట మానలేదు. ఫ్రెంచివారి మొస్యో అను గౌరవపదము దక్కను నోటిలో మూసా యయ్యెను. మిగిలిన పేరును హిందువులు రామునిగాను, ముసల్మానులు రహీముగాను వినిరి. మూసారాం అని ఒకరు, మూసారహీం అని ఒకరు తలచుకొనుచు వర్ధంతి దినమున చాలకాలము దీపములు పెట్టుచుండిరి. స్తంభముపై చెక్కినవి మాత్రము జె.ఆర్. అను రెండక్షరములే.