లెక్కల చదువుకు బాట వేసిన మహలనోబిస్

కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. జగిత్యాల, కరీంనగర్ వైపు ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలున్న ఇళ్లల్లో ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ మాట తరచుగా వినబడుతోంది. దానికి ఏం చదివి ఉండాలని అమ్మీ, అబ్బాలు అడుగుతున్నారు. ఆ చదువు అసలు పునాది స్టాటిస్టిక్స్, అంటే గణాంకశాస్త్రం. మన దేశంలో దానికి కోర్సు, డిగ్రీ ఏదీ లేని రోజుల్లో ఆ శాస్త్రాన్ని నిలబెట్టిన మనిషి ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివి, 1913లో ఇంగ్లండ్ వెళ్లారు. లండన్‌లో చేరాలనుకున్న కుర్రాడు కేంబ్రిడ్జి చూసి రావడానికి వెళ్లి, తిరుగు రైలు తప్పిపోయి ఆ ఊళ్లోనే ఉండిపోయారు. చివరికి కేంబ్రిడ్జిలోనే చేరారు. చదువు ముగిశాక బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు ఆయన చేతికి వచ్చాయి. మనుషుల కొలతలను, ప్రకృతిని లెక్కలతో అర్థం చేసుకోవచ్చని వాటిలో చదివి ఆశ్చర్యపోయారు. ఇండియాకు వచ్చే ఓడలో కూడా అవే చదువుకుంటూ వచ్చారు.

కలకత్తాలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే లెక్కల పని మొదలుపెట్టారు. 1926లో ఒడిశాలో పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచిందని, గట్లు ఎత్తు పెంచాలని ఇంజినీర్లు అన్నారు. మహలనోబిస్ దాదాపు 60 ఏళ్ల వానలు, వరదల వివరాలు ముందేసుకుని కూర్చున్నారు. నది అడుగు లేవలేదని, గట్ల మీద పోసే డబ్బు వృథా అని తేల్చారు. ఎగువన నీళ్లు ఆపాలని సూచించారు. పెద్దవాళ్లు చెప్పిన మాటైనా లెక్కతో సరిచూడాలన్న పట్టుదల ఆయనది.

1931 డిసెంబరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన గదే దాని ఆఫీసు. మొదటి ఏడాది ఖర్చు రూ.250 కూడా దాటలేదు. 1936లో ఆయన ఒక కొత్త కొలతను ప్రకటించారు. ఒక కొత్త వివరం ఒక గుంపుకు ఎంత దగ్గర, ఎంత దూరం అని అది చెబుతుంది. ఇప్పటికీ మెషిన్ లెర్నింగ్ పుస్తకాల్లో దాన్ని మహలనోబిస్ దూరం అనే అంటారు. వందల మామూలు లావాదేవీల మధ్య తేడాగా ఉన్న ఒక్కదాన్ని పట్టడానికి అది పనికొస్తుంది.

1937 నుంచి బెంగాల్ జనపనార పంట మీద శాంపిల్ సర్వేలు నడిపారు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి దేగ్ మొత్తం తినక్కర్లేదు, నాలుగు మెతుకులు చాలు. కానీ పైనుంచే తీసి చూస్తే అడుగున మాడింది తెలీదు. అందుకే ఎక్కడెక్కడ నుంచి తీయాలో ముందే లెక్క కట్టేవారు. ఒకే ప్రాంతానికి రెండు బృందాలను విడివిడిగా పంపి, రెండు జవాబులూ పోల్చేవారు. తేడా వస్తే తప్పు ఎక్కడుందో వెతికేవారు. 1943 బెంగాల్ కరువు తర్వాత ఊళ్లల్లో ఎవరు భూమి పోగొట్టుకున్నారో, ఎవరి బతుకు చితికిందో కూడా ఇలాంటి సర్వేతోనే బయటికి వచ్చింది. 1950లో మొదలైన జాతీయ శాంపిల్ సర్వే ఆయన కృషి ఫలితమే.

ఆయన దగ్గరికి దూరాల నుంచి విద్యార్థులు వచ్చారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన తెలుగువాడు సి.ఆర్.రావు 1941లో చేరి, తర్వాత ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. ఢాకాలో ఫిజిక్స్ చెప్పే ఖాజీ మొతాహర్ హుసేన్ కూడా కలకత్తా వచ్చి నేర్చుకుని, తిరిగి వెళ్లి అక్కడి యూనివర్సిటీలో గణాంకశాస్త్ర విభాగానికి పునాది వేశారు.

1956 నాటికి దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ ఆ సంస్థలోనే పని మొదలుపెట్టింది. 1959 చట్టంతో సంస్థకు జాతీయ ప్రాధాన్యం వచ్చింది. 1960లో బీ.స్టాట్, ఎం.స్టాట్ డిగ్రీలు మొదలయ్యాయి. బీ.స్టాట్ పిల్లలకు గణితంతో పాటు ఫిజిక్స్, జీవశాస్త్రం, ఆర్థికశాస్త్రం కూడా పెట్టారు. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా దాన్ని వాడకూడదన్నది ఆ చదువు వెనుక ఆలోచన. 1968లో పద్మవిభూషణ్ అందుకున్న మహలనోబిస్, 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు కన్నుమూశారు. 2007 నుంచి జూన్ 29ని గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.

ఇప్పుడు దారులు చాలా ఉన్నాయి. యూజీసీ పద్ధతిలో డిగ్రీ మొదటి ఏడాది 40 క్రెడిట్లు పూర్తి చేసి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే సర్టిఫికెట్‌తో బయటికి రావచ్చు. ఏఐసీటీఈ నమూనాలో బీటెక్ 160 క్రెడిట్ల మీద ఇంకో 18 నుంచి 20 చేస్తే మైనర్ వస్తుంది. ఏ దారిలో పోయినా కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, శాంప్లింగ్ తప్పవు. ప్రోగ్రామింగ్, మెషిన్ లెర్నింగ్ వాటి మీదే నిలబడతాయి. ఇంటర్‌లో గణితం గట్టిగా చదివి, వచ్చిన జవాబును రెండోసారి సరిచూసే అలవాటున్న అమ్మాయికైనా అబ్బాయికైనా ఈ చదువు అందుతుంది. అలాంటి పిల్లలు మన ఇళ్లల్లో చాలామందే ఉన్నారు.