మాటరాని బాలుని గురువు ఇటార్

ఝాఁ మార్క్ గాస్పార్ ఇటార్ 1774వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున ప్రొవాన్సు సీమలోని ఒరెజాన్ అను ఊర జన్మించెను. వర్తకవృత్తికి ఉద్దేశింపబడిన ఈతడు విప్లవకాలమున సైనిక వైద్యశాలలో చేరి, అచ్చటనే వైద్యము నభ్యసించి, 1800లో పారిస్ నగరమందలి బధిర విద్యాలయమునకు వైద్యుడయ్యెను.

ఆ యేడే ఆవేరోన్ ప్రాంతపు అడవులలో ఒంటరిగా తిరుగుచు పట్టుబడిన సుమారు పండ్రెండేండ్ల బాలుని ఆ విద్యాలయమునకు తెచ్చిరి. వానికి మాట లేదు. తుపాకి ప్రేలినను చలింపక, అక్రోటుకాయ చిట్లిన చప్పుడునకు మాత్రము తిరిగి చూచెడివాడు. సుప్రసిద్ధ వైద్యుడు పినెల్ వానిని పుట్టు బుద్ధిహీనునిగా నిర్ణయించెను. యువకుడైన ఇటార్ అందుకు సమ్మతింపక, బాలునికి విక్టర్ అని పేరిడి, అయిదేండ్లు బోధించెను. గెరిన్ అను గృహిణి వానిని తల్లివలె సాకెను.

పాలకు ఫ్రెంచి పేరైన 'లే' అను మాటను విక్టర్ పలుక నేర్చెను గాని, పాలు చేతికందిన పిమ్మటనే సంతోషముతో పలికెడివాడు, అడుగుటకు వాడెరుగడు. ఇటార్ అక్షరపు బిళ్లలతో ఆ పదమును కూర్చుట నేర్పెను. కొన్నినాళ్లకు, తనకు పాలిచ్చు ఇంటికి పోవుచు, బాలుడు ఎవరును చెప్పకయే ఆ నాలుగు బిళ్లలను జేబులో వేసికొనిపోయి బల్లపై పేర్చెను.

పుస్తకమను పదము తాను చూచిన ఆ యొక్క పుస్తకమునకే పేరని వాడు తలచెను. మరియొక పుస్తకమును అదే పేరున పిలువవచ్చునని తెలిసిన పిదప, కాగితముల కట్టయు, వార్తాపత్రికయు గూడ వానికి పుస్తకములే అయ్యెను. ఈ పొరపాట్లను ఒక్కొక్కటిగా గుర్తించి, దాని కనుగుణముగా పాఠమును మార్చుటయే ఇటార్ పద్ధతి.

ఆయన లోపరహితుడు కాడు. ఒకనాడు సహనము నశించి, ఎత్తైన చోట్లకు జడియు ఆ బాలుని కిటికీ వెలుపలికి వంచి పట్టుకొనెను. బాలుడు వణకుచు బిళ్లలను సర్ది, పిమ్మట కన్నీరు కార్చెను. ఎట్టి గురువును అనుసరింపదగని చర్య అది.

నోటిమాట రానందున ఇటార్ నిరాశ చెంది, 1806లో తుది నివేదిక వ్రాసి బోధన చాలించెను. విక్టర్ 1828లో మరణించువరకు గెరిన్ వద్దనే ఉండెను. కర్ణరోగములపై 1821లో గ్రంథము వెలువరించిన ఇటార్ 1838లో దివంగతుడయ్యెను.

ఆయన పద్ధతి మాత్రము అంతరింపలేదు. శిష్యుడు సెగాఁ దానిని పెంపొందించెను. వారి గ్రంథములను శ్రద్ధగా అధ్యయనము చేసిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఆటిజమను పేరు విక్టర్ కాలమున లేదు. ఆ బాలునికి అదియే యుండెనని నేడు కొందరు పండితుల యభిప్రాయము. పలుకలేని పిల్లలకు బొమ్మల చీటీలతోను, అక్షరములతోను తమ కోరిక తెలుపుట నేర్పు ఉపాధ్యాయులు నేడు అనేకులు కలరు. ఇటార్ నోటిమాటకై వేచి, తన శ్రమ విఫలమైనదని తలచెను. విక్టర్ బల్లపై పేర్చిన ఆ నాలుగు బిళ్లలే వాని మాట.