రైతుల మేత్రాణులు యురాయ్ దొబ్రిలా

ఐరోపా పటంలో ఇటలీకి తూర్పున, ఆడ్రియాటిక్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఒక చిన్న ద్వీపకల్పం కనిపిస్తుంది. దాని పేరు ఇస్త్రియా. వెనిస్, ఆస్ట్రియా, ఇటలీ, యుగోస్లావియా ఆ తీరం కోసం పోటీపడ్డాయి. నేడు దానిలో అధికభాగం క్రొయేషియాది. ఏలినవారు ఎవరైనా, పల్లెల్లో పొలం దున్నినవారు ఎక్కువగా స్లావు జాతివారైన క్రొయేషియన్లు, స్లొవేనియన్లే. పట్టణాల్లో, పదవుల్లో మాత్రం ఇటాలియన్ భాషదే పైచేయి.

టిన్యాన్ దగ్గరి ఒక కుగ్రామంలో, పేద రైతు ఇంట 1812లో యురాయ్ దొబ్రిలా జన్మించారు. 1837లో గురుపట్టం పొంది, వియన్నాలో వేదశాస్త్రంలో డాక్టరేటు సంపాదించారు. అంత చదివినా పుట్టిన పల్లెను మరువలేదు. 1854లో క్రొయేషియన్ భాషలో ఒక జపపుస్తకం ప్రచురించారు. దేవునితో తల్లి భాషలో మాట్లాడే భాగ్యం రైతులకు చేతికందింది. ఎన్నో ఇళ్ళలో చదవదగిన పుస్తకం అదొక్కటే.

1858 నుండి పొరేచ్-పూలాకు, 1875 నుండి త్రియెస్తెకు ఆయన మేత్రాణులు. 1861లో ఏర్పడిన ఇస్త్రియా శాసనసభలో పీఠాధిపతిగా ఆయనకు స్థానం ఉండేది. తనకు అర్థంకాని భాషలో తీర్పు వింటున్న రైతుకు న్యాయం ఎలా జరుగుతుంది? అందుకే బడిలోను, కచేరీలోను ప్రజల భాషకు చోటివ్వాలని ఆయన అడిగారు. సభలో అధికసంఖ్యాకులు ఒప్పుకోలేదు. ఆయన నిరాశపడలేదు. 1870లో ఆయన పూనికతో త్రియెస్తెలో 'మన ఐక్యత' అని అర్థం వచ్చే పేరుతో పల్లెవాసుల కోసం ఒక పత్రిక వెలిసింది. పేద విద్యార్థుల చదువుకు తన సొమ్ము ఇచ్చారు. 1882 జనవరి 13న కన్నుమూశారు.

తర్వాతి చరిత్ర చేదైనది. 1920లో ఇస్త్రియా ఇటలీకి దక్కింది. ఫాసిస్టు ప్రభుత్వం స్లావుల బడులు మూయించింది, వారి ఇంటిపేర్లు సైతం మార్పించింది. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత యుగోస్లావియా పాలన రాగా, ఈసారి వేలాది ఇటాలియన్ కుటుంబాలు ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళాయి. ఒకరి కన్నీరు మరొకరి కన్నీటిని తుడవలేదు.

దొబ్రిలా చేతిలో ఉన్న ఆయుధాలు జపపుస్తకం, బడి, పత్రిక. తనవారిని లేవనెత్తడానికి పొరుగువారిని పడద్రోయనక్కరలేదని ఆ జీవితం చెబుతుంది. 2006లో ఏర్పడిన పూలా విశ్వవిద్యాలయం ఆయన పేరే పెట్టుకుంది.

మన విచారణలో కూడా చదవలేని కాగితం చేతబట్టుకొని కార్యాలయం గుమ్మంలో నిలబడే సోదరులున్నారు. ఆ కాగితాన్ని వారికి చదివి వినిపించేవారు మీ ఇంట్లో ఉన్నారా? ఈ వారం ఆలోచించండి.